గురి సాధనకు అందుబాటు ధరలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్: తూటాతో మొదలుపెట్టి ఎంచుకునే పద్ధతి

కొత్తగా లక్ష్య సాధన మొదలుపెట్టేవారిలో చాలామంది ముందు తుపాకీని ఇష్టపడి, కొని, ఆ తర్వాత దానిలో ఏ తూటా పడుతుందో, ఆ తూటాను దగ్గరలోని షూటింగ్ రేంజిలో కాల్చనిస్తారో లేదో విచారిస్తారు. ఈ వరుసను తిరగవేయాలన్నదే ఈ మార్గదర్శిలో నేను చెప్పదలచినది. చట్టం ఏది అనుమతిస్తుందో ముందు చూడాలి, రేంజి ఏది ఒప్పుకుంటుందో తర్వాత చూడాలి, ఆ రెండింటికీ సరిపడే తూటాను నిర్ణయించుకోవాలి, రైఫిల్ సంగతి ఆ తర్వాతే రావాలి. రైఫిల్‌కు ఒక్కసారే డబ్బు పెడతాం, తూటాకు మాత్రం గురి చూసిన ప్రతిసారీ పెడుతూనే ఉంటాం.

సెమీ ఆటోమేటిక్ అనే మాట చుట్టూ అపోహలు ఉన్నాయి కనుక ముందుగా దాని అర్థం స్పష్టం చేసుకుందాం. ఇందులో ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకే తూటా పేలుతుంది. ఆ పేలుడు శక్తిలో కొంత భాగం బోల్టును, అంటే తూటాను వెనక నుంచి మూసి ఉంచే లోహపు దిమ్మను, వెనక్కి నెడుతుంది, ఖాళీ ఇత్తడి గుల్ల పక్కకు ఎగిరి పడుతుంది, స్ప్రింగు బోల్టును మళ్లీ ముందుకు తోసేటప్పుడు మ్యాగజైన్‌లోని తర్వాతి తూటా ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలోకి ఎక్కుతుంది. మళ్లీ పేలాలంటే వేలు వదిలి మళ్లీ నొక్కవలసిందే. సాధన చేసేవారికి దీనివల్ల కలిగే లాభం ఏమిటంటే, ప్రతి తూటాకూ చేయి తీసి బోల్టు లాగనక్కరలేదు కనుక భుజం, చెంప, మోచేయి ఒకసారి కుదురుకున్న భంగిమ చెదరదు. నష్టం కూడా చెప్పాలి. ప్రతి తూటాకూ బోల్టును చేత్తో లాగే బోల్ట్ యాక్షన్ రైఫిల్, అదే ధరలో వచ్చేది, కాగితం మీద సాధారణంగా ఇంకొంచెం కచ్చితంగా కొడుతుంది. కచ్చితత్వం ఒక్కటే కావాలనుకునేవారు బోల్ట్ యాక్షన్ వైపే వెళ్లడం మేలు. భంగిమ చెదరకుండా వరుసగా సాధన చేయాలనుకునేవారికే ఈ కిందివన్నీ.

మొదటి అడుగు: చట్టం, ఆపైన రేంజి

సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల విషయంలో దేశాల చట్టాలు ఒకదానితో ఒకటి ఏమాత్రం పోలవు. బ్రిటన్‌లో 1987 నాటి హంగర్‌ఫర్డ్ కాల్పుల తర్వాత, 1988 చట్ట సవరణతో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను నిషేధించి, .22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటా (వివరం రెండో అడుగులో) కాల్చే వాటిని మాత్రం లైసెన్సుతో మిగిల్చారు. ఆస్ట్రేలియాలో 1996 నాటి పోర్ట్ ఆర్థర్ కాల్పుల తర్వాత .22 సెమీ ఆటోమేటిక్‌లను సైతం కఠినమైన వర్గంలోకి మార్చారు. న్యూజిలాండ్ 2019లో చాలా రకాలను నిషేధించినా, 10 తూటాలకు మించని మ్యాగజైన్ ఉన్న .22 రిమ్‌ఫైర్ రైఫిళ్లకు మినహాయింపు ఇచ్చింది. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమావళి వర్తిస్తాయి, లైసెన్సు లేనిదే ఇలాంటి రైఫిల్ కొనడానికీ, దగ్గర ఉంచుకోవడానికీ వీల్లేదు. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న వ్యాపారి వద్ద రైఫిల్ కొనడానికి 18 ఏళ్లు నిండాలి, ఆపైన ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నిబంధన ఉంటుంది. ఇల్లు మారినా, ఊరు మారినా నియమం మారవచ్చు కనుక, నివసించే చోట లైసెన్సులిచ్చే అధికారులనే నేరుగా అడిగి, వీలైతే వారి జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఎవరో చెప్పగా విన్నదాన్ని పట్టుకుని డబ్బు కట్టకూడదు.

చట్టం అనుమతించినదంతా రేంజి అనుమతించదు. ఇండోర్ రేంజిల్లో కొన్ని రిమ్‌ఫైర్, పిస్టల్ తూటాల వరకే ఒప్పుకుంటాయి, ఎందుకంటే వెనక ఉన్న ఉక్కు పలకలు వేగవంతమైన రైఫిల్ తూటాను తట్టుకునేలా కట్టినవి కావు. చాలా చోట్ల ఉక్కు కలిసిన తూటాలను రానివ్వరు, గుమ్మంలోనే డబ్బా మీద అయస్కాంతం పెట్టి చూస్తారు. ఎన్ని మీటర్ల దూరం వరకు కాల్చవచ్చు, పడుకుని కాల్చే చోటు ఉందా, మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు నింపనిస్తారు, తూటాలు బయటి నుంచి తెచ్చుకోనిస్తారా, అద్దెకు రైఫిల్ ఇస్తారా అనే ప్రశ్నలు అడిగి జవాబులు కాగితం మీద రాసుకోండి. చివరి ప్రశ్నను మరిచిపోవద్దు. కొనబోయే రకాన్నే ఒక గంట అద్దెకు తీసుకుని కాల్చి చూసినవాడికి నెల రోజుల చదువు మిగులుతుంది.

రెండో అడుగు: తూటా

అందుబాటు ధర అనే మాటకు .22 లాంగ్ రైఫిల్‌ను మించిన జవాబు లేదు. 1887లో పుట్టిన ఈ తూటా ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువగా కాల్చే వాటిలో ఒకటి. మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాముల సీసపు గుండు ఇందులో ఉంటుంది. దీని మందును అంటించే రసాయనం గుల్ల అడుగున ఉన్న అంచు లోపల చుట్టూ పరచి ఉంటుంది కాబట్టి దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. రైఫిల్‌లోని పిన్ను ఆ అంచును నొక్కి నలపగానే తూటా పేలుతుంది. ఒకసారి నలిగిన అంచును తిరిగి వాడలేం, కనుక ఈ గుల్లలను మళ్లీ నింపుకునే వీలు లేదు. అయినా విడి తూటా ఖరీదు తక్కువ. వెనక్కి తన్నడం దాదాపు ఉండదు, అందుచేత ట్రిగ్గర్ నొక్కబోతూ భుజం ముడుచుకునే చెడ్డ అలవాటు కొత్తవారికి అంటుకోదు. ఈ ఒక్క కారణం చాలు, మొదటి రైఫిల్ .22 అయి ఉండాలని నేను గట్టిగా చెప్పడానికి.

తన్నడం లేదు కదా అని దీన్ని ఆటవస్తువు అనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. ఈ చిన్న గుండు ఒకటిన్నర మైళ్లు, అంటే సుమారు 2.4 కిలోమీటర్ల వరకు ప్రమాదకరమని తూటాల డబ్బాల మీదే అచ్చువేస్తారు. మట్టికట్ట లేని మైదానంలో, నీటి వైపు, బండరాళ్ల వైపు కాల్చకూడదు, గుండు ఎగిరి ఎటు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇందులోనూ రెండు రకాలను వేరుగా గుర్తుపెట్టుకోవాలి. స్టాండర్డ్ వెలాసిటీ తూటా సెకనుకు సుమారు 325 నుంచి 330 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. ధ్వని వేగం 340 మీటర్ల చుట్టూ ఉంటుంది కనుక ఇది మొదటి నుంచీ దానికి లోబడే ప్రయాణిస్తుంది. హై వెలాసిటీ తూటా 370, 380 మీటర్లతో బయలుదేరి, దారిలో గాలికి వేగం తగ్గి, ధ్వని వేగాన్ని పైనుంచి కిందికి దాటుతుంది. ఆ దాటే చోట గుండు చుట్టూ గాలి ఒత్తిడి మారి అది కొద్దిగా తొణుకుతుంది. అందుకే కాగితం మీద చిన్న గుంపు, అంటే రంధ్రాలన్నీ దగ్గరదగ్గరగా పడటం, కావాలనుకునేవారు నెమ్మది తూటానే కోరుకుంటారు. అయితే సెమీ ఆటోమేటిక్‌లో ఒక చిక్కు ఉంది. తూటాలో బలం మరీ తగ్గితే బోల్టు పూర్తిగా వెనక్కి వెళ్లదు, ఖాళీ గుల్ల సగంలో ఇరుక్కుంటుంది. సబ్‌సోనిక్ అని అమ్మే మరీ మందకొడి తూటాలతో ఈ బాధ ఎక్కువ. ఏ రైఫిల్ ఏ తూటాతో సాఫీగా నడుస్తుందన్నది కాల్చి తేల్చుకోవలసిన సంగతి, దాని పద్ధతి చివరి అడుగులో వస్తుంది.

వంద మీటర్లు దాటి, రెండు మూడు వందల మీటర్ల దూరంలో సాధన చేయాలన్న కోరిక ఉంటే, అంటించే రసాయనం గుల్ల అడుగు మధ్యలో ఉండే సెంటర్‌ఫైర్ తూటా అవసరమవుతుంది. ఈ తరగతిలో ఎక్కువగా దొరికేది .223 రెమింగ్టన్. 55 గ్రెయిన్ల, అంటే 3.6 గ్రాముల గుండు సెకనుకు దాదాపు 980 మీటర్ల వేగంతో వెళ్తుంది. యూజీన్ స్టోనర్ 1950ల చివర్లో రూపొందించిన ఏఆర్-15 తరహా రైఫిళ్లలో ఎక్కువ భాగం ఈ తూటాకో, దీనికి సైనిక రూపమైన 5.56 మిల్లీమీటర్ల తూటాకో చేసినవే. ఈ రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా ఒకటి కావు. .223 అని మాత్రమే ముద్రించిన బ్యారెల్‌లో 5.56 తూటా కాలిస్తే ఒత్తిడి పరిమితి దాటవచ్చు, 5.56 అని ముద్రించిన దానిలో .223 కాల్చడం సమ్మతమే. బ్యారెల్ మీది ముద్ర చదవకుండా తూటా డబ్బా తెరవకూడదు. ఈ తరగతిలో ఒక్కో తూటాకు .22తో పోలిస్తే ఎన్నో రెట్లు ఖర్చవుతుంది, కాల్చనిచ్చే రేంజిలు కూడా తక్కువ. కనుక ఇక్కడి నుంచి నేను .22ను దృష్టిలో పెట్టుకునే చెబుతాను.

మూడో అడుగు: ఏడాది లెక్క

కాగితం తీసుకుని ఒక చిన్న గుణకారం చేయండి. నెలకు రెండుసార్లు రేంజికి వెళ్లి, వెళ్లినప్పుడల్లా 150 తూటాలు కాలిస్తే ఏడాదికి 3,600 తూటాలు. ఆ సంఖ్యను మీరు ఉండే చోటి తూటా ధరతో గుణించి, రేంజి రుసుము కలపండి. ఈ మొత్తాన్ని రెండు రైఫిళ్ల మధ్య ధర తేడా పక్కన పెట్టి చూస్తే, మీరు తటపటాయిస్తున్న ఆ తేడా చాలాసార్లు కొన్ని నెలల తూటాల ఖర్చులో కలిసిపోయేంతే ఉంటుంది. దీని అర్థం ఖరీదైనది కొనమని కాదు. చవక తూటాలతో మాటిమాటికీ మొరాయించి ఖరీదైన తూటాలే అడిగే రైఫిల్, కొన్నప్పుడు చవకైనా, చివరికి చవక కాదని అర్థం. రైఫిల్‌తో పాటు తప్పనిసరిగా కావలసినవి మరికొన్ని ఉన్నాయి: చెవులకు రక్షణ, కళ్లద్దాలు, తాళం ఉన్న పెట్టె, అదనంగా ఒక మ్యాగజైన్, తుడిచే సామగ్రి. .22 రైఫిల్ చప్పుడు కూడా వినికిడిని దెబ్బతీసే 140 డెసిబెళ్ల ప్రాంతంలో ఉంటుంది కనుక చెవి రక్షణను ఐచ్ఛికం అనుకోకూడదు. వీటికి డబ్బు పక్కన పెట్టాక మిగిలినదే రైఫిల్ బడ్జెట్.

నాలుగో అడుగు: ఒంటికి అమరిక

దుకాణంలో అందరూ బ్యారెల్ వైపు చూస్తారు, చూడవలసింది స్టాక్ వైపు, అంటే భుజానికి, చెంపకు ఆనే భాగం వైపు. భుజానికి ఆనే చివర నుంచి ట్రిగ్గర్ వరకు ఉండే పొడవు చాలా రైఫిళ్లలో 34 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఇది సగటు ఎత్తున్న పెద్దవారికి సరిపోయే కొలత. పొట్టివారికి, చేతులు చిన్నవైనవారికి ఇది ఎక్కువైతే తల ముందుకు సాచి, వీపు వెనక్కి వంచి నిలబడతారు, ఆ భంగిమలో ఎంత శ్రద్ధగా చూసినా గురి నిలవదు. రైఫిల్ ఖాళీ అని అమ్మకందారు సమక్షంలో స్వయంగా తెరిచి చూసుకుని, ఆయన చూపిన సురక్షిత దిశలోనే పట్టుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. చెంప స్టాక్ మీద హాయిగా ఆనిన తర్వాత కళ్లు తెరవండి. సైట్లు, అంటే గురి చూసే గుర్తులు, కంటికి ఎదురుగా ఉంటే అది మీ కొలతే. మెడ పైకెత్తో కిందికి దించో వెతుక్కోవలసి వస్తే, ఆ స్టాక్ మీది కాదు, లేదా దానికి చెంప దగ్గర ఎత్తు సర్దే ఏర్పాటు కావాలి.

రెండు కళ్లలో ఏది గురి కన్నో తెలుసుకోవడం కూడా ఇక్కడే. రెండు అరచేతులను చాచి వేళ్ల మధ్య చిన్న సందు చేసి, దూరంగా ఉన్న ఒక వస్తువును రెండు కళ్లతో ఆ సందులోంచి చూసి, ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే నిలుస్తుందో అదే మీ గురి కన్ను. కుడిచేతివాటం వారిలోనూ కొందరికి ఎడమ కన్ను బలంగా ఉంటుంది, వారు ఎడమ భుజం నుంచి కాల్చడం నేర్చుకోవడమే తేలిక. ఎడమ భుజం వారికి ఇంకో మాట: చాలా రైఫిళ్లు ఖాళీ గుల్లను కుడి పక్కకు విసురుతాయి, ఎడమవైపు నుంచి కాల్చేవారి ముఖం ఆ రంధ్రానికి ఎదురుగా ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకుంటే ప్రమాదం లేదు, కానీ ప్రతి తూటాకూ కన్ను చిట్లిస్తే గురి చెడుతుంది. ఎడమచేతి రూపాలు కొన్ని కంపెనీలు చేస్తాయి, గుల్లను కిందికి వదిలే రకాలూ ఉన్నాయి. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన నుంచి 1914లో వచ్చిన బ్రౌనింగ్ .22 సెమీ ఆటో అలాంటిదే, అయితే అది చవకైన తరగతిలోకి రాదు.

బరువు విషయంలో ఒకే నియమం లేదు. 2.3 కిలోల రైఫిల్‌ను మోయడం సుఖం, నిలబడి నిలకడగా పట్టుకోవడం కష్టం. 3 కిలోలు దాటినది కూర్చుని, పడుకుని కాల్చేవారికి స్థిరంగా ఉంటుంది. పోటీల ఆలోచన ఉంటే నిబంధనలు ముందే చూడాలి. అమెరికాలో సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ నడిపే రిమ్‌ఫైర్ స్పోర్టర్ పోటీలో రైఫిల్ 7.5 పౌండ్లకు, అంటే సుమారు 3.4 కిలోలకు మించకూడదు, ట్రిగ్గర్ 3 పౌండ్లకు తక్కువ ఒత్తిడితో కదలకూడదు.

అయిదో అడుగు: లోపలి నిర్మాణం

చవకైన .22 సెమీ ఆటోమేటిక్‌లు దాదాపు అన్నీ బ్లోబ్యాక్ పద్ధతిలో నడుస్తాయి. బోల్టుకు గట్టి తాళం ఏదీ ఉండదు, దాని బరువూ స్ప్రింగు బిగువూ కలిసి క్షణకాలం ఆపి ఉంచుతాయి. తక్కువ భాగాలతో నడిచే ఈ ఏర్పాటు నమ్మకమైనదే, కానీ రిమ్‌ఫైర్ తూటాల మసి, మైనం లోపల త్వరగా పేరుకుంటాయి. కనుక విప్పి తుడవడం ఎంత సులభమో కొనే ముందే చేయించి చూడాలి. రెండు మూడు స్క్రూలతోనో పిన్నులతోనో బయటికి వచ్చే ట్రిగ్గర్ భాగం మంచిది.

మ్యాగజైన్ విషయంలో నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. విడిగా తీయగలిగే మ్యాగజైన్‌నే ఎంచుకోండి. బ్యారెల్ కింద గొట్టంలో తూటాలు వరుసగా నింపే రకం అందంగా ఉంటుంది, మ్యాగజైన్ పారేసుకునే భయం ఉండదు. కానీ రేంజిలో కాల్పులు ఆపమని కేక వినిపించినప్పుడు, విడి మ్యాగజైన్‌ను ఒక్క కదలికలో తీసి బోల్టు తెరిచి ఖాళీ అని చూపగలం. గొట్టంలో ఒక తూటా లోపలే నిలిచిపోయిందేమో అన్న సందేహం మాత్రం తీరదు. కొన్ని రైఫిళ్లలో ఆఖరి తూటా తర్వాత బోల్టు తెరుచుకుని నిలుస్తుంది, కొన్నింటిలో మూసుకుపోతుంది. మూసుకుపోయే రకం కొంటే, లోపల తూటా లేదని చూపడానికి ఛాంబర్‌లో పెట్టే, కొట్టొచ్చినట్టు కనిపించే రంగు ప్లాస్టిక్ జెండాను తప్పక కొనుక్కోండి.

ట్రిగ్గర్ గురించి ఒకే మాట. చవక రైఫిళ్లలో అది రెండున్నర కిలోల చుట్టూ ఒత్తిడి అడగడం సాధారణం. బరువు కంటే అది ఎలా కదులుతుందన్నదే ముఖ్యం. గరుకుగా, మెట్లుమెట్లుగా కదిలేది వద్దు, ఒకచోట ఆగి, ఆపైన ఒక్కసారిగా శుభ్రంగా వదిలేది కావాలి.

ఆరో అడుగు: చూడదగిన రకాలు

1964లో వచ్చిన రూగర్ 10/22 ఈ తరగతికి కొలమానంగా నిలిచింది. 10 తూటాలు గుండ్రంగా తిరిగే దాని మ్యాగజైన్ స్టాక్‌లోనే ఇమిడిపోతుంది, తూటాలు ఒకదాని అంచు మరొకదానిలో చిక్కుకోవు, నమ్మకంగా ఎక్కుతాయి. బ్యారెల్ రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. విడిభాగాలు విరివిగా దొరకడం వల్ల ఇరవై ఏళ్ల తర్వాత కూడా బాగుచేయించుకోవచ్చు. ఆఖరి తూటా తర్వాత దీని బోల్టు మూసుకుంటుందన్నది గుర్తుంచుకోవాలి. 1960లో వచ్చిన మార్లిన్ మోడల్ 60 గొట్టం మ్యాగజైన్ రకం, బ్యారెల్ కచ్చితత్వానికి మంచి పేరుంది, వాడినవి విరివిగా దొరుకుతాయి. సావేజ్ 64కు విడి పెట్టె మ్యాగజైన్ ఉంటుంది, కొత్తవాటిలో బాగా చవకైన వాటిలో ఇదొకటి. ఏఆర్-15 పట్టు, సర్దుబాటు స్టాక్ నచ్చేవారికి 2009లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ ఎం అండ్ పీ 15-22 ఉంది. పాలిమర్ శరీరం వల్ల తేలిక, పొట్టివారికీ పొడుగువారికీ ఒకే స్టాక్ సరిపోతుంది. అయితే ఆ ఆకారాన్నే నిషేధించిన ప్రాంతాలు ఉన్నాయి కనుక మొదటి అడుగు మళ్లీ చదవండి.

వీటిలో ఒకటే చెప్పమంటే నేను 10/22 చెబుతాను. మిగిలినవి తక్కువని కాదు, పాడైన చిన్న భాగం దొరక్క రైఫిల్ పెట్టెలో మూలపడే అవకాశం దీనికి తక్కువ.

ఏడో అడుగు: సైట్లు

మొదటి కొన్ని వందల తూటాలు మామూలు ఇనుప సైట్లతోనే కాల్చమని నా సలహా, భంగిమలో తప్పు ఎక్కడుందో అవి దాచకుండా చెబుతాయి. చూపు మందగించినవారికి మాత్రం స్కోప్, అంటే దుర్భిణి లాంటి సైటు, మొదటి నుంచీ అవసరమే. స్కోప్ కొనేటప్పుడు పారలాక్స్ దూరం, అంటే కన్ను జరిగినా గురి గీత జరగకుండా దాన్ని ఏ దూరానికి సరిచేశారో, అడగాలి. సెంటర్‌ఫైర్ కోసం చేసినవి సాధారణంగా 100 గజాలకు సరిచేసి ఉంటాయి, రిమ్‌ఫైర్‌వి 50 గజాలకు. తప్పు రకం కొంటే, దగ్గర దూరంలో కన్ను కాస్త పక్కకు జరిగినా గురి గీత లక్ష్యం మీద జారుతున్నట్టు కనిపిస్తుంది. రైఫిల్ పైన 11 మిల్లీమీటర్ల గాడి ఉందో, వెడల్పైన పికటిన్నీ పట్టీ ఉందో చూసి, స్కోప్‌ను బిగించడానికి దానికి తగిన రింగులే తీసుకోవాలి.

ఎనిమిదో అడుగు: వాడిన రైఫిల్‌ను పరీక్షించడం

డబ్బు ఆదా అయ్యేదీ, పోయేదీ ఇక్కడే. నా మొదటి .22 వాడినదే. చెక్క మెరుస్తోంది, ధర నచ్చింది, తీసుకున్నాను. 50 మీటర్ల దగ్గర గుంపు అరచేయంత వెడల్పున పరుచుకుంటుంటే రెండు నెలలు తప్పు నాదే అనుకున్నాను. ఒకరోజు పక్క వరుసలో కాల్చే పెద్దాయన, రైఫిల్ ఖాళీ చేయించి, బోల్టు తెరిపించి, చెవిలో పెట్టుకునే దూది పుల్ల ఒకటి తెచ్చి, బ్యారెల్ మూతి లోపలి అంచు చుట్టూ మెల్లగా తిప్పారు. మూడు వైపులా శుభ్రంగా తిరిగిన దూది నాలుగో వైపు పట్టుకుని, ఒక తెల్లటి పోగు అక్కడే వేలాడింది. ఎవరో ఏళ్ల తరబడి శుభ్రం చేసే ఇనుప కడ్డీని మూతి వైపు నుంచి తోసి అక్కడ గీత పెట్టారు. గుండు చిట్టచివర వదిలి వెళ్లే అంచు అదే, ఒక పక్క దెబ్బతింటే వెనక ఉన్న వాయువు అటే ముందుగా తప్పించుకుని గుండును పక్కకు నెడుతుంది. తుపాకులు బాగుచేసే నిపుణుడు ఆ అంచును కొత్తగా కోసి ఇచ్చాక గుంపు సగానికి సగం తగ్గింది. అప్పటి నుంచి దూది పుల్ల లేకుండా నేను ఏ రైఫిల్‌నూ చూడను.

పరీక్ష వరుస ఇది. రైఫిల్ ఖాళీ అని కంటితోనూ, వేలితోనూ తేల్చుకోవాలి. బోల్టు తెరిచి పూర్తిగా విప్పిన లేదా నిలిపిన స్థితిలో, ఛాంబర్ దగ్గర తెల్ల కాగితం ముక్క ఒకటి వాలుగా పెట్టి టార్చి వేసి, మూతి వైపు నుంచి చూస్తే లోపల మెలి తిరిగిన గాడులు స్పష్టంగా కనిపించాలి. గుండ్రటి నల్లటి ఉంగరం లాంటి మచ్చ ఉంటే బ్యారెల్ ఉబ్బిందని అనుమానించి వదిలేయాలి. తర్వాత ఛాంబర్ అంచు చూడాలి. తూటా లేకుండా ఊరికే పదేపదే ట్రిగ్గర్ నొక్కితే, కొన్ని రిమ్‌ఫైర్ రైఫిళ్లలో పిన్ను నేరుగా ఆ అంచుకే తగిలి నొక్కు పెడుతుంది, ఆ నొక్కు దగ్గర గుల్లలు ఇరుక్కుంటాయి. గుల్లను లాగే కొక్కెం మొన అరగకుండా పదునుగా ఉండాలి. స్టాక్ సన్నబడే చోట, పట్టుకునే మెడ దగ్గర, వెంట్రుకంత పగులు ఉందేమో గోరు పెట్టి చూడాలి. స్క్రూల తలలు చెదిరి ఉంటే చేతకానివారు విప్పారని గుర్తు. చివరగా, యజమాని అనుమతితో, ఖాళీ రైఫిల్‌లో సేఫ్టీ (ట్రిగ్గర్ నొక్కినా పేలకుండా ఆపే మీట) వేసి ట్రిగ్గర్ నొక్కి వదిలి, సేఫ్టీ తీయాలి. తీసిన క్షణంలో టక్కుమని వినిపిస్తే ఆ రైఫిల్ ప్రమాదకరం, ఎంత తగ్గించినా తీసుకోకూడదు.

తొమ్మిదో అడుగు: ఇంట్లో, రేంజిలో

రైఫిల్ ఖాళీగా, తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరే తాళం కింద ఉండాలి, తాళం చెవులు పిల్లలకు తెలియని చోట ఉండాలి. రేంజిలో మూతి ఎప్పుడూ లక్ష్యం వైపే, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ బయటే, ప్రతి రైఫిల్‌నూ నిండి ఉన్నట్టే భావించాలి, లక్ష్యం వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతి కదపకుండా కనీసం 30 సెకన్లు అలాగే ఉండి ఆ తర్వాతే బోల్టు తెరవాలి, ఆలస్యంగా పేలే తూటాలు అరుదైనా ఉన్నాయి. చప్పుడు మామూలు కంటే బలహీనంగా వినిపిస్తే వెంటనే ఆపి, ఖాళీ చేసి, గుండు బ్యారెల్‌లో నిలిచిపోయిందేమో చూడాలి. సీసంతో పని కనుక ఇంటికి రాగానే, తినే ముందు, చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోవాలి.

తుడవడంలో అతి వద్దు. మసి ఎక్కువగా చేరే బోల్టు ముఖాన్నీ ఛాంబర్‌నూ తరచుగా తుడిస్తే చాలు. చాలా సెమీ ఆటోమేటిక్‌లలో వెనక నుంచి కడ్డీ దూర్చే దారి ఉండదు కాబట్టి, ఛాంబర్ వైపు నుంచి మూతి వైపు లాగే తాడునే వాడండి. మూతి అంచు సంగతి పైన చెప్పాను.

పదో అడుగు: తూటా, రైఫిల్ జతకుదర్చడం

ఒకే కార్ఖానాలో పక్కపక్కన తయారైన రెండు రైఫిళ్లు కూడా రెండు వేర్వేరు తూటాలను ఇష్టపడతాయి. కనుక నాలుగైదు రకాల తూటాలు, ఒక్కోటి ఒకటి రెండు డబ్బాలు తెచ్చుకోండి. రైఫిల్ ముందు భాగం ఇసుక సంచి మీద ఆనించి, 50 మీటర్ల దగ్గర, ఒక్కో రకంతో 5 తూటాల చొప్పున 5 గుంపులు కాల్చాలి. రకం మార్చినప్పుడల్లా ముందు ఓ పది తూటాలు లెక్కలోకి తీసుకోకుండా కాల్చండి, పాత రకం మైనం పోయి కొత్తది పూసుకోవడానికి ఆ మాత్రం కావాలి. ఒక్కో గుంపులో అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య కొలిచి, అయిదింటి సగటు రాసుకోవాలి. ఒక్క మంచి గుంపును చూసి మురిసిపోకూడదు, సగటే నిజం.

ఏ కొలత మంచిదన్న ప్రశ్నకు, 50 మీటర్ల దగ్గర ఒక నిమిషపు కోణం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, సుమారు 14.5 మిల్లీమీటర్లు. అంతర్జాతీయ పోటీల 50 మీటర్ల రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లే, అది ఒక్కో తూటాను చేత్తో పెట్టి కాల్చే పోటీ రైఫిళ్ల లోకం. అందుబాటు ధరలోని సెమీ ఆటోమేటిక్ నచ్చిన తూటాతో 25 మిల్లీమీటర్ల చుట్టూ సగటు ఇస్తే సంతోషించవచ్చు, చవక తూటాలతో 40, 50 వచ్చినా సాధనకు చాలు. గుంపు కొలతతో పాటు ఒక్కో రకంతో ఎన్నిసార్లు గుల్ల ఇరుక్కుందో కూడా అదే వరుసలో రాయండి. వంద తూటాలకు ఒక్కసారి కూడా ఆగనిది, గుంపు కొంచెం పెద్దదైనా, నా లెక్కలో ముందు నిలుస్తుంది.

బాగా కుదిరిన రకం తేలాక ఆ డబ్బా పారేయకుండా దాని మీద అచ్చువేసిన లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు, చూడండి. అదే కంపెనీ, అదే పేరు, వేరే లాట్ అయితే గుంపు మారవచ్చు. ఆ నంబరున్న డబ్బాలు ఏడాదికి సరిపడా ఒకేసారి కొని, పొడిగా ఉన్న చోట తాళం కింద ఉంచి, నంబరును నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.